అత్తగారి మంచం కింది ఉరుము

మృదంగం సోమేశంగారికి ఒక అలవాటు ఉండేది. కచేరీ మొదలయ్యే ముందు ఎడమ మూత మీద తడి బొంబాయి రవ్వ ముద్ద పెట్టి, వేళ్ళతో గుండ్రంగా అద్ది, మృదంగాన్ని ఎవరో ఒక శిష్యుడి ఒళ్ళో పెట్టేవారు. "వాయిస్తూ ఉండరా, ఇప్పుడే వస్తాను" అని వేదిక దిగి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ పోయి, హాలు చివర అందరూ చెప్పులు విడిచిన చోట నిలబడేవారు. అక్కడ కాసేపు తల వంచుకుని నిలబడి తిరిగొచ్చి, ఆ రవ్వ ముద్దలోంచి ఓ చిటికెడు గిల్లి పారేసేవారు, లేకపోతే ఓ చిటికెడు కలిపేవారు. అప్పుడుగాని వాయించడానికి కూర్చునేవారు కారు. ఎందుకలా వెళ్తారని అడిగే ధైర్యం శిష్యుల్లో ఎవరికీ లేదు. అడగకపోయినా జవాబు మాత్రం అందరి దగ్గరా ఉంది. ఒకప్పుడు బొబ్బిలి కచేరీలో ఆయన కొత్త తోలు చెప్పులు ఎవరో వేసుకుపోయారట, పాపం ఉత్తకాళ్ళతో ఇంటికొచ్చారట, అప్పట్నుంచీ చెప్పుల మీద బెంగ పట్టుకుందట. "విద్వాంసుడే గానీ, ప్రాణమంతా ఆ చెప్పుల్లోనే" అని నవ్వుకునేవారు. అలా నవ్విన వాళ్ళలో గవర్రాజు మొదటివాడు.

ఆ గవర్రాజు తర్వాత్తర్వాత ఉద్యోగంలో పడ్డాడు. విజయనగరంలో ఇల్లు తీసుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, మృదంగం అటక ఎక్కింది. చెయ్యి తప్పింది గానీ చెవి తప్పలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే పాట పెట్టుకుని కూర్చోవాలి, అదొక్కటే అతని భోగం. అలాంటివాడు ఒకనాడు పొద్దున్నే, మొహం గంటు పెట్టుకుని, అరటిపళ్ళు చేత్తో పట్టుకుని గురువుగారింటికి వచ్చాడు. పళ్ళు కింద పెట్టాడో లేదో, అడిగేశాడు.

"గురువుగారూ, ఇంట్లో కూర్చుని పాట వినేవాడికి ఆ అట్టడుగు నాదం ఎంత ఉండాలి? ఎంతో ఒక్క మాట చెప్పండి. ఆ మాట పట్టుకెళ్ళి మా ఇంట్లోవాళ్ళ మొహాన పెడతాను. ఇక నావల్ల కాదు."

 సోమేశంగారికి ఇంకో అలవాటుంది. అవతలివాడి కడుపులోది అంతా బయటికి వచ్చేదాకా చూస్తూ కూర్చుంటారు. గవర్రాజుకి ఆ చూపు తెలుసు కనుక, అడక్కుండానే అంతా కక్కేశాడు.

సంగతేమిటంటే, గురువుగారి పాత కచేరీ రికార్డు ఒకటి గవర్రాజు దగ్గరుంది. చిన్నప్పుడు ఆ కచేరీలో ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. ఎడమ అరచెయ్యి మూత మీద నొక్కుతూ జరిగినప్పుడు గుమికి అని ఒకటి పుడుతుంది, పావురం గొంతులో కూసినట్టు, దూరంగా మబ్బు మూలిగినట్టు. అది ఇంట్లో ఉన్న స్పీకర్లలో రావడం లేదు. కుడిచెయ్యి టకటకా వినబడుతోంది, ఎడమ చెయ్యి ఎక్కడికో పోయింది. దానికోసం సబ్ వూఫరని ఒక పెట్టె కొన్నాడు. నల్లటి చెక్కపెట్టె, గోనె పరిచి కూర్చోబెట్టిన బియ్యం డబ్బాలా ఉంటుంది. చూడ్డానికి ఏమీ లేదు. కానీ మామూలు స్పీకర్లకి అందని లోతు అది పలుకుతుందిట. చెవికన్నా ముందు పొట్టకి తెలిసే చప్పుడుట. చెక్కపెట్టె మబ్బులా ఉరమడమంటే వింతే కదా.

కొట్టువాడు సరిగ్గా మధ్యన కూర్చుని వినమన్నాడు. గవర్రాజు ఆ మాట వేదంగా పట్టుకున్నాడు. టేపు పెట్టి హాలంతా కొలిచి, నట్టనడుమ పేము కుర్చీ వేసి, భార్య గోళ్ళరంగు సీసా తీసి కుర్చీ కాళ్ళ చుట్టూ నేల మీద ఎర్రగా గీతలు గీశాడు. ఆ కుర్చీ అంగుళం జరగడానికి వీల్లేదు. ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ ప్రదక్షిణం చేసి ఊడవాలి. అంత చేసి ఆ కుర్చీలో కూర్చుంటే, ఏదీ, గుమికి వినబడదే! పెట్టె నాదం పెంచే మీట తిప్పాడు. లేదు. మరికాస్త తిప్పాడు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రావడం, తిప్పడం, చెవి రిక్కించి కూర్చోవడం, విసుక్కోవడం.

గవర్రాజు విసుగు ఇలా ఉంటే, ఇంట్లోవాళ్ళది ఇంకోలా ఉంది. భార్య వరహాలు వంటింట్లోంచి వచ్చి, "కొంచెం తగ్గించండి. అమ్మకి గుండెలదురుతున్నాయి" అంది.

"ఏం తగ్గించను? ఉంటే కదా తగ్గించడానికి! ఎదురుగా కూర్చున్నా నాకే వినబడ్డం లేదు."

"మాకు వినబడుతోందండీ. మూకుడు మీద మూత గజగజా వణుకుతోంది. అమ్మ ఛాతీలో ఎవరో పప్పు రుబ్బుతున్నట్టుందంటోంది."

"మీ అమ్మగారు నాతో అన్లేదే?"

"మా అమ్మ మీతో ఎప్పుడు మాట్లాడింది గనక!"

అదీ నిజమే. వరహాలు తల్లి సూరమ్మ అల్లుడింట్లోనే ఉంటోంది. హాలు చివరి మూల, పాత చీర తెరగా కట్టి, ఆ తెర వెనక ఆవిడకి నులక మంచం వేశారు. అల్లుడితో ఎదురుబడి మాట్లాడ్డం, అల్లుడి ముందు కూర్చోవడం వాళ్ళ వైపు ఆడవాళ్ళకి లేదు. అతను హాల్లోకి వస్తే లేచి గోడ వారగా నిలబడేది. మంచినీళ్ళు కావలసినా, "అల్లుడుగారు ఆ పక్కకి జరిగితే నేను బిందె దగ్గరికి వెళ్తానని చెప్పవే" అని కూతురితో అనేది, అల్లుడు మూరెడు దూరంలో నిలబడి వింటూ ఉండగానే. అతనూ ఏనాడూ ఆ తెర దాటి ఎరగడు. గౌరవమంటే గౌరవమే.

"పెట్టె ఎదురుగా కూర్చున్నవాడికి వినబడని చప్పుడు వంటింట్లో వినబడుతుందా? తెర వెనక వినబడుతుందా?" అన్నాడు గవర్రాజు. "అబద్ధానికైనా ఓ అంతుండాలి వరాలూ. తల్లీకూతుళ్ళకి మొదట్నుంచీ ఈ పెట్టె అంటే పడదు. ఆ మాట చెబితే సరిపోయేది."

వరహాలు వంటింట్లోకి పోయి గరిట కింద పెట్టింది. మర్నాడు బట్టలు సర్దింది. తల్లిని తీసుకుని సాలూరు అన్నగారింటికి పోతోంది. ఇవాళ పొద్దున్నే బస్సు. ఆటోకి కూడా చెప్పేసింది.

"చప్పుడుకే ఇల్లు విడిచిపోతారా ఎవరైనా?" అన్నాడు గవర్రాజు.

"చప్పుడుకి కాదు. చప్పుడు భరించాం కదా ఇన్నాళ్ళూ. అబద్ధమన్నారే, దానికి."

ఇదంతా చెప్పి గవర్రాజు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. "చూడండి గురువుగారూ! నాకు వినబడ్డం లేదన్నది నిజం. మీ పాదాల సాక్షిగా నిజం. మరి నేను నిజమైతే వాళ్ళు అబద్ధమే కదా? అందుకని మీరే చెప్పండి. ఎంత ఉండాలి?"

సోమేశంగారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పద" అన్నారు.

దారి పొడుగునా గవర్రాజు గొణుగుతూనే ఉన్నాడు. ఒక్క మాట చెప్పడానికి ఈ నడకంతా దేనికని అతని బాధ. ఇల్లు చేరేసరికి గుమ్మం లోపల సంచి సిద్ధంగా ఉంది. తెర వెనక సూరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. వరహాలు గురువుగారికి మంచినీళ్ళిచ్చి, "పోయే ముందు మీరు కనబడ్డారు, అంతే చాలు" అని ఊరుకుంది. గురువుగారు నీళ్ళు తాగి, ఎర్ర గీతల మధ్య ఉన్న కుర్చీలో కూర్చుని, "పెట్టరా నీ పాట. రోజూ ఎంతలో పెడతావో అంతలోనే" అన్నారు.

పాట మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విని, పెదవి విరిచారు. "ఏమీ లేదురా. ఎడమ చెయ్యి మడిచి జేబులో పెట్టుకుని వాయించినట్టుంది."

"విన్నావా!" అని గవర్రాజు లేచి నిలబడ్డాడు. మూడు లోకాలూ గెలిచినట్టుంది అతని మొహం. "విన్నావా వరాలూ? వాయించినాయనకే వినబడ్డం లేదు!"

వరహాలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మీరు కూడానా గురువుగారూ" అంది.

గురువుగారు ఉత్తరీయం తీసి కుర్చీ మీద వేసి, రెండు మోకాళ్ళూ నేలకి ఆన్చి, రెండు చేతులూ నేల మీద పెట్టి, పసిపిల్లవాడిలా పాకడం మొదలుపెట్టారు. తల నెరిసిన మనిషి, ఊరు ఊరంతా లేచి దణ్ణం పెట్టే మనిషి! గోడ వెంట పాకడం, ఆగి తల పక్కకి వంచి వినడం, మళ్ళీ పాకడం. గవర్రాజుకి ఏం చెయ్యాలో తోచలేదు. "గురువుగారూ, లేవండి, మీకెందుకండీ ఈ ఖర్మ. ఏదైనా పడిపోయిందా? నేను వెతుకుతాను కదా" అంటూ ఆయన వెనకే వంగి వంగి నడిచాడు. తెర వెనక నించి సూరమ్మ గొంతు సన్నగా వినబడింది. "కట్టుడు పన్ను పడిపోయిందేమోనే, చూడమని చెప్పు."

ఆయన టీవీ బల్ల దాటారు, వంటింటి గుమ్మం దాటారు, చివరి మూలకి వచ్చి తెర అంచు దగ్గర ఆగారు. "అక్కయ్యా, నీ మంచం దగ్గరికి రావచ్చునా?" అని అడిగారు. "అయ్యో, రండి బాబూ" అందావిడ. ఆయన తెర ఎత్తి, నులక మంచం మీద తల ఆన్చారు. అలాగే ఉండిపోయారు. లేచినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఒరే, ఇలా రా" అన్నారు. గవర్రాజు రెండడుగులు వేశాడు. "నడిచి కాదు. నేనెలా వచ్చానో అలా."

ఉద్యోగస్థుడు, ఇస్త్రీ పంచె కట్టుకున్నవాడు, పెళ్ళాం చూస్తుండగా, అత్తగారు చూస్తుండగా! అయినా గురువు మాట. పళ్ళు బిగించుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మొదట ఏమీ తెలియలేదు, మోకాళ్ళ నొప్పి తప్ప. గోడ దగ్గరికి వచ్చేసరికి అరచేతుల కింద నేల జివ్వుమంది. వంటింటి గుమ్మం దగ్గర, ఉన్నట్టుండి, ఎడమ చెయ్యి! నిలిచిపోయాడు. అక్కణ్ణించి ముందుకి పాకేకొద్దీ అది లావెక్కుతోంది. తెర దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"అత్తగారి మంచం గురువుగారూ, అది."

"మంచమే కదురా, నిప్పుల గుండం కాదు కదా. తల ఆన్చు."

సూరమ్మ కొంగు మొహానికి కప్పుకుని గోడలో కలిసిపోయినట్టు నిలబడింది. గవర్రాజు కళ్ళు గట్టిగా మూసుకుని ఆవిడ తలగడ మీద చెవి పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఛాతీలో ఎవరో రోలు పెట్టి తిప్పినట్టయింది. తెర కట్టిన ఇనప రింగులు కిటకిటలాడుతున్నాయి. కళ్ళు తెరిచి వంగి చూస్తే, మంచం కింద మూత లేని ఇత్తడి చెంబులో నీళ్ళు వలయాలు వలయాలుగా కదులుతున్నాయి. తను ఇన్నాళ్ళూ వెతుక్కున్న గుమికి ఇక్కడుంది. మొత్తం ఇక్కడే ఉంది. పావురం కూసినట్టు కాదు, దున్నపోతు రంకె వేసినట్టుంది. మధ్యన కూర్చుని తను తిప్పిన ప్రతి తిప్పూ ఈ మంచం కిందికే వచ్చి చేరింది. ఈ ఉరుము మీద ఒక ముసలి మనిషి రోజూ నడుం వాల్చింది.

"లావు నాదం గది నడుమ నిలవదురా" అన్నారు సోమేశంగారు. "గోడల వెంట పోయి మూలల్లో పోగవుతుంది, ఊడవని చెత్తలాగ. లే, లేచి తగ్గించు."

గవర్రాజు లేచి వెళ్ళి మీట పట్టుకున్నాడు. ఎంత తగ్గించాలి? గురువుగారి వైపు చూశాడు. ఆయన ఇంటి కప్పు వైపు చూస్తున్నారు. కాస్త తిప్పి ఆగాడు.

సూరమ్మ కూతురి వైపు తిరిగింది. "వరాలూ, ఇంకొంచెం తగ్గించమని చెప్పవే."

"నేను చెప్పను" అంది వరహాలు. "నా మాట అబద్ధం కదా. నువ్వే చెప్పుకో."

పాట నడుస్తూనే ఉంది. రింగులు మోగుతూనే ఉన్నాయి. గవర్రాజు మీట మీద వేళ్ళుంచి, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. సూరమ్మ గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. పెళ్ళినాటి నుంచీ ఆ నోటితో అల్లుడికి ఒక్క మాట ఇచ్చి ఎరగదు. చివరికి తెర అంచు పట్టుకుని, "ఇంకొంచెం... తగ్గించండి నాయనా" అంది.

అతను తిప్పాడు.

"ఇంకొంచెం."

తిప్పాడు. రింగుల చప్పుడు ఆగింది.

"ఇంకో పిసరు. ఆఁ, చాలు."

గవర్రాజుకి సిగ్గో ఉక్రోషమో, చాలన్నాక కూడా తిప్పి పెట్టె పూర్తిగా కట్టేశాడు. సూరమ్మ గబుక్కున, "అయ్యో, అదేమిటి, మొత్తం తీసేశారే! పాట కటిక నేల మీద కూర్చున్నట్టుంది. చాప వెయ్యండి నాయనా" అంది. అతను మళ్ళీ ఆవిడ చాలన్న చోటికే తిప్పాడు. ఆవిడ "అదీ" అని మంచం మీద కూర్చుంది. అల్లుడి ఎదట కూర్చున్న సంగతి ఆవిడకే తెలియలేదు.

గురువుగారు కుర్చీని ఎర్ర గీతల్లోంచి బరబరా లాగి, వంటింటి గుమ్మం పక్కన గోడకి చేర్చి వేశారు. గవర్రాజుని అందులో కూలేశారు. అతను విన్నాడు. అంత తక్కువలోనే, అదుగో, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని విన్న ఎడమ చెయ్యి. ఉందని తెలియకుండా ఉంది. అది ఉండబట్టే పాడే మనిషి గొంతు కూడా దగ్గరికొచ్చింది. గవర్రాజు పిల్లాడిలా లేచాడు.

"అదీ సంగతి! తప్పంతా కుర్చీది వరాలూ! నట్టనడుమ వెయ్యకూడదు. కొట్టువాడు చెప్పాడు గనక నేను..."

"కుర్చీ నన్నేమీ అనలేదు" అంది వరహాలు.

గవర్రాజు నేల మీద ఖాళీగా మిగిలిన ఎర్ర గీతల వైపు కాసేపు చూశాడు.

"అన్నది నేనే" అన్నాడు. "నాకు వినబడకపోతే లేదనుకున్నాను."  తెర వైపు తిరిగి, "అత్తయ్యగారూ, మీతోనూ అదే" అన్నాడు.

సందులో ఆటో హారన్ మోగింది.  వరహాలు సంచి వైపు చూసింది, మంచం మీద కూర్చున్న తల్లి వైపు చూసింది. "సంచి ఇంకా విప్పలేదు, గుర్తు పెట్టుకోండి" అని, దాన్ని అక్కడే వదిలేసి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది.

"పిలిచిన ఆటోని ఉత్తినే పంపకూడదు. నేనెక్కుతాను" అన్నారు గురువుగారు, ఉత్తరీయం భుజాన వేసుకుంటూ. కాఫీ తాగి వెళ్ళమంటే చెయ్యి ఊపేశారు. గవర్రాజు గుమ్మం దాకా వెంట వెళ్ళాడు. ఆయన విడిచిన చెప్పులు అక్కడున్నాయి. లోపలి పాట అక్కడికి కూడా సన్నగా వస్తోంది, అడుగున ఎడమ చేతితో సహా. ఆ చెప్పుల పక్కన నిలబడితే అతనికి పాత కచేరీలన్నీ గుర్తుకొచ్చాయి. హాలు చివర తల వంచుకుని, చెవి ఒగ్గి నిలబడ్డ మనిషి గుర్తుకొచ్చాడు. అప్పుడు నవ్వినందుకు మొహం చెల్లలేదు. అయినా చిన్నప్పటి శిష్యుడే కదా, అడిగిన దానికి జవాబు రాలేదన్న పీకులాట ఒకటి మిగిలే ఉంది.

"గురువుగారూ, ఎంత ఉండాలో మీరు చెప్పనేలేదు" అన్నాడు.

సోమేశంగారు కాలితో చెప్పు వెతుక్కుంటూ విసుక్కున్నారు.

"నన్నడుగుతావేమిట్రా? ఆ మంచం మీద పడుకునేది నేనా?"